సున్నం పొక్కు

వెనక వసారాలో వేరు పొయ్యి ఇవాళ కూడా వెలిగింది.

వంటింటి కిటికీలోంచి సూర్యకుమారికి ఆ పొయ్యి కనిపిస్తూనే ఉంది. అత్తగారు మాణిక్యాంబ పీట మీద కూర్చుని గిన్నెలో గరిటె తిప్పుతోంది. ఆ గిన్నెలో ఏముందో చూడకుండానే చెప్పగలదు సూర్యకుమారి. నూకల జావ. ఉప్పు తప్ప మరేమీ పడని జావ. రేపల్లెలో ఎంతమందికో పీట వేసి అన్నం పెట్టిన మనిషి, సొంత ఇంటి వసారాలో జావ కాచుకుని తాగుతోంది. చూసినవాళ్ళు ఎవరిని అంటారు? కోడలినే అంటారు.

అంటున్నారు కూడా. పొద్దుటి బండికి తెనాలి నుంచి దిగిన ఆడపడుచు శకుంతల, హాల్లో కుర్చీ లాక్కుని ఆ పని మీదే ఉంది.

కోడలు పెట్టే కారం తినలేక తల్లి వేరు పొయ్యి పెట్టుకుందన్న సంగతి తెనాలి దాకా వచ్చిందనీ, తన అత్తవారి వైపు వాళ్ళు ఫోన్లు చేసి మరీ పరామర్శిస్తున్నారనీ, తను తలెత్తుకుని తిరగలేకపోతోందనీ తమ్ముడికి చెప్పింది. నరసింహారావు పేపరు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"నేనూ ఆ కూరే తింటున్నాను కదక్కా. నాకేం కారం అనిపించట్లేదు."

"నీకు నాలుకెక్కడుందిరా? పెళ్ళినాడే పెళ్ళాం చేతిలో పెట్టేశావుగా."

నరసింహారావు పేపరు పూర్తిగా విప్పి అందులోకి వెళ్ళిపోయాడు.

సూర్యకుమారికి అనడానికి చాలా ఉంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి వంట ఆమెదే. ఆమె గోంగూర కోసం చుట్టాలు ఒక పూట ఆగి వెళ్ళేవాళ్ళు. అలాంటిది, పోయిన నెల ఒక ఆదివారం బంధువుల ఎదురుగా అత్తగారు విస్తరి పక్కకి నెట్టి, ఇది కూర కాదు కొరివి అంది. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది సూర్యకుమారికి. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు.

ఒక్కటి మాత్రం ఆమెకు అర్థం కాలేదు. అంత కోపం ఉన్న మనిషి, పొయ్యి వేరు పెట్టుకున్న మనిషి, మాట మానేసిన మనిషి, మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి ఆకు మడిచి, వక్క పెట్టి, సున్నం రాసి చుట్టిన చిలక ఒకటి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టి వెళుతూనే ఉంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు అది. అత్తగారి చేతి చిలక లేకుండా సూర్యకుమారి భోజనం ముగిసిన రోజు లేదు. నిన్న కూడా వచ్చింది. నిన్న కూడా ఆమె తీసుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇవాళ సూర్యకుమారి ఒక నిశ్చయానికి వచ్చింది. పెసరపప్పు మెత్తగా ఉడికించి, ఉప్పు వేసి, నెయ్యి వేసింది. మిరపకాయ అనేది ఒకటుందని మరిచిపోయి వండింది. అల్లం లేదు, మిరియం లేదు, పోపు కూడా లేదు. అన్నం కలిపి కంచంలో పెట్టి, శకుంతలను పిలిచింది.

"వదినగారూ, మీరూ రండి. మీ ఎదురుగానే పెడతాను."

కూతురు పక్కన నిలబడి ఉండేసరికి మాణిక్యాంబ కాదనలేకపోయింది. కంచం అందుకుంది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. అంతే, ముఖం గోడ వైపు తిప్పుకుంది. తిప్పుకునే లోపలే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం సూర్యకుమారి చూసింది.

ఇందులో కూడా కారం వేశావా అని శకుంతల నిలదీసింది. సూర్యకుమారి గిన్నెలో మిగిలిన పప్పు తెచ్చి ఆమె అరచేతిలో వేసింది. శకుంతల నాలుకకి రాసుకుంది. ఇంకోసారి రాసుకుంది.

"చప్పగా ఉందే," అంది నెమ్మదిగా.

వసారాలో జావ గిన్నె మీద మూత మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

అప్పుడు చూసింది సూర్యకుమారి, అత్తగారి నోటిని. ఇన్నేళ్ళుగా ఎదురుగా ఉన్న నోటిని మొదటిసారి చూసినట్టు చూసింది. రెండో ముద్ద గోళీకాయంత చేసుకుంది ముసలావిడ. దాన్ని కుడి పక్కనుంచి వేలితో లోపలికి నెట్టుకుంది. నోరు అంతకంటే తెరుచుకోలేదు. ఈవిడ నవ్వితే వీధి చివరికి వినపడేది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది?

ఒకటి గుర్తుకొస్తే వెనకే మరొకటి గుర్తుకొచ్చింది.

వీళ్ళది తమలపాకు తోట. అవిసె చెట్లకు పాకించిన తీగల మధ్య మాణిక్యాంబ నడుస్తుంటే తోట మొత్తం ఆవిడ మాట వింటుందని కూలీలు నవ్వుకునేవారు. కోత కోసిన రోజు మొదటి ఆకు ఆవిడ నోట్లోకే వెళ్ళాలి. నమిలి, కళ్ళు మూసుకుని, ఈ ఆకు ఘాటు, ఈ ఆకు కమ్మన, ఇది రెండు రోజులాగి కోస్తే బాగుండేది అని చెప్పేది. తెనాలి నుంచి వచ్చే వ్యాపారులు ఆవిడ మాట మీదే కట్టలు ఎత్తేవారు. ఆవిడ నాలుక తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. పోయిన కోతలో ఆవిడ ఆకు నమలలేదు. తుంచి వాసన చూసి, ఘాటుగానే ఉందిలే అనేసి లోపలికి వెళ్ళిపోయింది. వయసు మీద పడిందనుకున్నారంతా. సూర్యకుమారి కూడా అలాగే అనుకుంది.

"అత్తయ్యా," అంది సూర్యకుమారి. చాలా రోజుల తరువాత పిలిచిన పిలుపు అది. "ఒక్కసారి నోరు తెరవండి."

మాణిక్యాంబ కంచం కింద పెట్టింది.

"సున్నం పొక్కింది. దానికింత హడావుడి దేనికి?"

"ఎప్పుడు పొక్కింది?"

శకుంతల అడ్డుపడి, సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం మామూలే కదా, ఆకు వేసుకునే వాళ్ళందరికీ జరిగేదే కదా, రెండు రోజులు వెన్న రాస్తే పోతుంది కదా అంది. వెన్న రాస్తూనే ఉన్నానని ముసలావిడ నోరు జారింది. సంక్రాంతి ముందు నుంచీ రాస్తున్నానంది. ఇప్పుడు మామిడికాయలు ముదురుతున్నాయి.

సున్నం పొక్కు అన్నాళ్ళుంటుందా అని ఎవరూ అడగలేదు. ముగ్గురికీ ఆ ప్రశ్న ఒకేసారి వచ్చింది. ముగ్గురూ దాన్ని ఎవరికి వారు దాచుకున్నారు.

*

బాపట్లకి ఫోను చేసింది సూర్యకుమారి. అక్కడ ఆమె కూతురు సాయిసుధ పళ్ళ డాక్టరు. ఏడాది కిందట బస్టాండు వెనక సందులో సొంతంగా ఆసుపత్రి పెట్టుకుంది. మనవరాలు డాక్టరయిందని రేపల్లెలో టముకు వేసినంత పని చేసింది మాణిక్యాంబ. పంటి నొప్పి అన్న ప్రతి మనిషినీ బస్సెక్కించి మరీ అక్కడికి పంపింది. ఆవిడ మాత్రం ఎప్పుడూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోలేదు.

తల్లి చెప్పిందంతా సాయిసుధ మధ్యలో ఆపకుండా వింది. తరువాత అడగడం మొదలుపెట్టింది. తెల్లగా ఉందా, ఎర్రగా ఉందా, గుడ్డతో తుడిస్తే పోతుందా, పొగాకు కాడ ఏ బుగ్గన పెట్టుకుంటుంది, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పడతాయా, మెడ కింద బిళ్ళలేమైనా తగులుతున్నాయా. సూర్యకుమారికి ఒక్కదానికే జవాబు తెలుసు. పొగాకు కాడ ఎడమ బుగ్గన. అదీ నిద్రపోయేటప్పుడు కూడా.

"అమ్మా, రెండు వారాలు దాటినా మానని పుండుగానీ, మచ్చగానీ ఏదైనా సరే, ఎవరో ఒకరు చూసి తీరాలి. ఏమీ కాకపోవచ్చు. కానీ చూడకుండా ఏమీ కాదని నేను చెప్పను. తీసుకురా."

ఆ గొంతులో కూతురు లేదు. సూర్యకుమారికి భయం వేసింది. ఆ భయం అడుగున ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగింది. ఇలాంటప్పుడు అలా అనిపించడం తప్పేమో అనుకుంది.

మాణిక్యాంబ రానంది. ఒక్క మాటతో పోనివ్వలేదు, వరసగా చెప్పింది. దాని నోట్లో మొదటి అన్నం మెతుకు పెట్టింది తను. దాని పాలపళ్ళు ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరింది తను. ఇప్పుడు దాని ముందు కూర్చుని నోరు తెరవాలా? అయినా రేపల్లె మొత్తానికి ఆకు రుచి చెప్పిన నోటికి రోగమొచ్చిందని నలుగురూ అనుకుంటే, ఆ తోట ఆకు ఎవరు కొంటారు? నరసింహారావు బతిమాలాడు. శకుంతల కూడా, ఇష్టం లేకుండానే, వెళ్ళి రామ్మా అంది. ముసలావిడ ఆకులపెట్టె ముందుకు లాక్కుని అడకత్తెరతో వక్క కత్తిరించడం మొదలుపెట్టింది. ఇక ఆ సంగతి అయిపోయిందని అర్థం.

సూర్యకుమారి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీరు రావద్దులెండి అత్తయ్యా. నేను వెళతాను."

"నీకేమయింది?"

"ఏమీ కాలేదు. ఇన్నేళ్ళుగా రోజూ మీ చేతి చిలక తింటున్నాను. నా నోట్లో ఏముందో నేనూ చూపించుకోవాలిగా."

అడకత్తెర ఆగిపోయింది.

"అంటే నా చిలకలో విషం ఉందనా?"

"ఉందో లేదో మీ మనవరాలే చెబుతుంది."

అంత మాట తన నోటి నుంచి వచ్చినందుకు సూర్యకుమారే ఉలిక్కిపడింది. శకుంతల పైకి లేచింది. నరసింహారావు పేపరు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. మాణిక్యాంబ కోడలిని చాలాసేపు చూసింది. చివరికి అడకత్తెర పెట్టెలో పడేసి మూత వేసింది.

"పొద్దున్న బండికి నేనూ వస్తున్నాను. నీ నోరు శుభ్రంగా ఉందని దాని చేత చెప్పిస్తాను. చెప్పిన తరువాత, ఇదిగో, ఈ శకుంతల ముందు ఆ మాట వెనక్కి తీసుకుందువు గాని."

"అలాగే తీసుకుంటాను," అంది సూర్యకుమారి.

*

రేపల్లె బండి తెనాలి చేరేదాకా అత్తాకోడళ్ళు మాట్లాడుకోలేదు. మధ్యలో కూర్చున్న శకుంతల అటూ ఇటూ చూసి చూసి భట్టిప్రోలు దాటేసరికి నిద్రపోయింది. తెనాలిలో శకుంతల ఇంటికి వెళ్ళిపోయింది. సంగతేమిటో ఫోను చెయ్యమని వెళుతూ వెళుతూ తల్లికి చెప్పింది, సూర్యకుమారికి చెప్పలేదు. వీళ్ళిద్దరూ బాపట్ల బండి పట్టుకున్నారు.

ఆసుపత్రి ముందు మాణిక్యాంబ ఆగింది. బోర్డు వైపు తలెత్తి చూసింది.

"ఏం రాసుంది?"

"డాక్టర్ సాయిసుధ అని రాసుంది అత్తయ్యా. దంత వైద్యులు అని."

"ఇంకోసారి చదువు."

సూర్యకుమారి చదివింది. ముసలావిడ కొంగు సర్దుకుని మెట్లెక్కింది.

లోపల బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు రిబ్కా అట. రామాపురం నుంచి చేపల బుట్ట అమ్ముకుని ఇటే వచ్చిందట. అడక్కుండానే చెప్పుకొచ్చింది. నాలుక పక్కన పుండు పడితే చేపముల్లు గుచ్చుకుందనుకుని ఊరుకుందట. డాక్టరమ్మ చూసి, ముల్లు కాదు, విరిగిన పన్ను రోజూ రాసుకుని పడిందని కనిపెట్టి, పన్ను నున్నగా చేసి పంపిందట. పుండు మానేదాకా వదలకుండా పిలిచి చూస్తోందట. మానకపోతే వేరే సంగతయ్యేదని చెప్పిందట.

"మీదే ఊరు పిన్నిగారూ? డాక్టరమ్మని ఎరుగుదురా?"

"ఆవిడకి పేరు పెట్టింది నేనే," అంది మాణిక్యాంబ.

రిబ్కా లేచి నిలబడి బెంచీ మీద చోటంతా ఆవిడకి ఇచ్చింది. మాణిక్యాంబ ఆ చోటంతా ఆక్రమించి కూర్చుంది.

లోపలికి పిలిచాక సాయిసుధ ఇద్దరినీ చూసి నవ్వింది. ఆ నవ్వు గుమ్మం దగ్గరే ఆపేసుకుని చేతులు కడుక్కుంది. ఎవరు ముందు అని అడిగింది. సూర్యకుమారి కుర్చీ ఎక్కింది. మాణిక్యాంబ పక్కన స్టూలు మీద, న్యాయం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుంది.

కూతురి చేతుల్లో చిన్న అద్దం ఉంది, దీపం ఉంది. ముందు మెడ రెండు పక్కలా వేళ్ళతో తడిమింది. పెదవులు తిప్పి చూసింది. చిగుళ్ళు చూసింది. నాలుకని తెల్లటి గుడ్డతో పట్టుకుని ఒక పక్కకి లాగి చూసింది, రెండో పక్కకి లాగి చూసింది. నాలుక పైకెత్తమని కింద చూసింది. అంగిలి చూసింది. ఏదీ వదల్లేదు. తను గోరుముద్దలు తినిపించిన పిల్ల, తన నోట్లో ఉన్నాయని తనకే తెలియని చోట్లన్నీ వెతుకుతుంటే, సూర్యకుమారికి ఎందుకొచ్చామో కూడా ఒక్క క్షణం మరుపున పడింది. నా కూతురు అనుకుంది.

బుగ్గల దగ్గర ఆ వేలు ఆగింది. లోపలి నుంచి నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"అమ్మా, నీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకో."

పెట్టుకుంది. పట్టాయి. అయితే మూడో వేలికి దవడ లాగింది. ఈ లాగుడు ఇంతకుముందు ఉందా అని ఆలోచించింది. ఎప్పుడూ పెట్టుకుని చూడలేదు.

సాయిసుధ కుర్చీ పైకి లేపింది. ఆ ముఖంలో ఏమీ మారలేదు. అందుకే ఏదో ఉందని సూర్యకుమారికి అర్థమైంది.

బుగ్గ లోపల చర్మం పాలిపోయి, అక్కడక్కడ తాళ్ళలా గట్టిపడుతోందని చెప్పింది. వక్క చేసిన పని అది. ఇప్పుడే మొదలైంది. ఇవాళే మానేస్తే ముదరకుండా చూసుకోవచ్చు. మానకపోతే నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది, ఆ తరువాత మరీ చెడ్డది రావడానికి దారి పడుతుంది. ఇక వక్క ముక్క కూడా వద్దు, మూడు నెలలకోసారి తనకి చూపించాలి, ఇంట్లో అద్దం ముందు వెలుతురులో తనే చూసుకోవడం నేర్పుతాను అంది.

స్టూలు మీది పెద్దమనిషి వైపు ఎవరూ చూడలేదు.

వెనక్కి తీసుకోవాల్సిన మాట ఇక లేదు. గెలిచానని సూర్యకుమారికి అనిపించలేదు. కిటికీలో రోజూ చిలక పెట్టి వెళ్ళే చెయ్యి కనిపించింది కళ్ళ ముందు. ఆ చేతికి తెలిసి చేసిందేముంది?

మాణిక్యాంబ లేచింది. మూల ఉన్న చేతులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి, ఎడమ బుగ్గలోంచి పొగాకు కాడ వేలితో తీసి చెత్తబుట్టలో వేసింది. నీళ్ళు పుక్కిలించింది. ఎర్రగా వచ్చాయి. మళ్ళీ పుక్కిలించింది. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా పుక్కిలిస్తూనే ఉంది. కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి కోడలి ముందు నిలబడింది.

"లే."

సూర్యకుమారి కుర్చీ దిగింది. ముసలావిడ ఎక్కి, కాళ్ళ మీద చీర సర్దుకుని, మనవరాలి వైపు చూసింది.

"మీ అమ్మకి చెప్పినట్టే నాకూ చెప్పు. నాయనమ్మనని మెత్తగా చెప్పావంటే ఊరుకోను."

నోరు తెరిచింది. రెండు వేళ్ళే పట్టాయి. అవి కూడా సాయిసుధ సన్నటి వేళ్ళు.

దీపం ఎడమ బుగ్గ మీద పడింది. పక్కనే ఉన్న సూర్యకుమారికి కూడా కనిపించింది. రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ. గోడకి కొట్టిన సున్నం ఎండి చిట్లినట్టు ఉంది. సాయిసుధ గుడ్డతో తుడిచింది, పోలేదు. మచ్చ మధ్యలో ఎర్రగా, గరుకుగా, ఒక చోటు ఉంది. ఆ చోటు మీద వేలు పడగానే ముసలావిడ కాలి బొటనవేలు బిగుసుకుంది.

మెడ తడిమింది సాయిసుధ. ఒకసారి కాదు. తరువాత చేతులు తీసి, స్టూలు లాక్కుని నాయనమ్మ ముఖానికి సమానంగా కూర్చుంది.

"ఇది సున్నం పొక్కు కాదు నాయనమ్మా."

"తెలుస్తూనే ఉంది. ఏంటది?"

"ముక్క తీసి పరీక్ష చేసేదాకా నేను దానికి పేరు పెట్టను. తెల్లటి చోట ఎర్రగా ఉండటం నాకు నచ్చలేదు. మెడలో ఏమీ తగల్లేదు, అది మంచి మాట. నాకు చదువు చెప్పిన లక్ష్మీప్రియ మేడమ్ ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. ఇవాళే వెళదాం."

"చెడ్డదైతే?"

"చెడ్డదైతే చిన్నగా ఉన్నప్పుడే దొరికిందనుకుంటాం. వైద్యం చేయిస్తాం. ఇంకో ఏడాది వెన్న రాసుకుంటూ కూర్చునుంటే నేను ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

మాణిక్యాంబ చెయ్యి చాపి మనవరాలి చెయ్యి పట్టుకుంది. వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది, కోసిన ఆకు తిప్పి చూసినట్టు.

"సూర్యకుమారీ, చూశావా? దీని చెయ్యి వణకలేదు."

చాలా రోజుల తరువాత అత్తగారి నోట తన పేరు విన్న సూర్యకుమారి, చూశానన్నట్టు తల ఊపింది.

*

తెనాలి ఆసుపత్రి వరండాలో, ఫోను అందుకున్న శకుంతల ముందే వచ్చి కూర్చుని ఉంది. చేతిలో క్యారియర్ ఉంది. అమ్మ కోసం కారం లేకుండా వండించానంది. ఆ మాట అంటూ సూర్యకుమారి వైపు ఒక చూపు కూడా విసిరింది. అలవాటు అంత తొందరగా పోదు.

లోపల మేడమ్ ముందు సూర్యకుమారి నోరు చూసింది. మాణిక్యాంబకి ముక్క తియ్యడం త్వరగానే అయిపోయింది. బుగ్గలో దూది కుక్కుకుని బయటికి వచ్చిన మాణిక్యాంబ కోడలి భుజం పట్టుకుని నడిచింది. కూతురు చెయ్యి అందించినా అందుకోలేదు. కుర్చీలో కూర్చున్నాక, దూది పక్కకి నెట్టుకుని, మాట ముద్దగా వస్తున్నా, ప్రతి మాటా వేరు చేసి పలికింది.

"శకుంతలా, మీ అత్తవారి వైపు ఎవరెవరు ఫోను చేశారో వాళ్ళందరికీ నువ్వే చెప్పు. సూర్యకుమారి కూరలో కారం ఎప్పుడూ ఎక్కువ కాలేదు. పుండు నా నోట్లో ఉంది. నిప్పులాంటి నోటితో తిని, కూరని కొరివి అన్నాను."

శకుంతల క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూసింది.

సూర్యకుమారి గొంతులో ఆ ఆదివారం నుంచి ఉన్న మాట అప్పుడు దిగింది. ఎటు పోయిందో తెలియదు. ఆమె లేచి వెళ్ళి అత్తగారి కొంగు కొస నీళ్ళతో తడిపి, పెదవి మీది రక్తపు మరక తుడిచింది.

"మన వసారాలో పొయ్యి తీసేయించు," అంది మాణిక్యాంబ. "ఆకులపెట్టె నీ దగ్గర పెట్టు. నేనడిగినా ఇవ్వకు."

"తోటకి రుచి ఎవరు చెబుతారత్తయ్యా?"

"ఆకు వట్టిది నమిలితే ఏమీ కాదట, అడిగాను దాన్ని. వక్క, సున్నం, పొగాకు వద్దంది. పుండు మానాక వట్టి ఆకు నమిలి చెబుతాను. అప్పటిదాకా నువ్వు నమిలి చెప్పు. నేర్పుతాను."

ఆ మాట విని సాయిసుధ ముఖం తిప్పుకుంది. బాపట్లలో వణకని చెయ్యి ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడే లక్ష్మీప్రియ మేడమ్ బయటికి వచ్చింది. పరీక్ష ఫలితం వారంలో వస్తుందనీ, అది వచ్చేదాకా మంచీ చెడూ తను చెప్పననీ అంది. సాయిసుధ భుజం మీద చెయ్యి వేసి, నువ్వు చూసిన చోటే చూశాను, తీసిన చోటు సరైనదే అంది. మాణిక్యాంబ దూది బుగ్గతోనే తల ఎత్తుకుని కూర్చుంది.

"ఒక్క సంగతి అడగాలండి," అంది మేడమ్. "మీ కోడలిగారి నోరు కూడా ఇందాక చూశాను. మీ చేతి చిలకలు చిన్నప్పటి నుంచీ తిన్నవాళ్ళు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

మాణిక్యాంబ పక్క కుర్చీ వైపు తిరిగింది.

శకుంతల అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కారం లేకుండా వండించిన ఆ క్యారియర్ లోంచి ఇందాక తను కూడా తినే వచ్చానని, ఈ మధ్య తనకీ అదే హాయిగా ఉంటోందని, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ కొంగు వెనక కుడి బుగ్గన ఆకువక్క కుక్కిన చిన్న ఉబ్బు ఉంది. రైల్లో నిద్రపోయినప్పుడు కూడా ఆ ఉబ్బు అక్కడే ఉండటం సూర్యకుమారికి గుర్తుకొచ్చింది.

"శకుంతలా," అంది తల్లి. "లేచి వెళ్ళి నోరు కడుక్కుని రా."

శకుంతల కుర్చీలోంచి కదల్లేదు.